మృగం అంటే జింకా, క్రూర జంతువా, వానా?

సిరోంచ_మిర్చి:
మాది మహారాష్ట్రలోని సిరోంచ, ఇంట్లో తెలుగు, పిల్లలకు బడిలో మరాఠీ. మా వాడి మరాఠీ పుస్తకంలో 'మృగ్' అంటే జింక అని ఉంది. మా అమ్మేమో వాడు చెల్లెల్ని కొడితే 'మృగంలా మీద పడతావేందిరా' అని తిడుతుంది. ఇప్పుడు వాడి డౌటు, మృగరాజు అంటే జింకల రాజా అని! పైగా జూన్ వస్తే ఊరంతా మిర్గం మిర్గం అంటారు, అది వాన. వీటిలో మొదటి అర్థం ఏది? సంస్కృత పదం అని ఒక్క ముక్కలో తేల్చకండి, అంతవరకు నాకూ తెలుసు.

దెగ్లూర్_కాకా:
పిల్లాడు మంచి ప్రశ్న వేశాడు తమ్మీ. మొదటి అర్థం జింక కాదు. ఋగ్వేదంలో మృగమంటే అడవిలో తిరిగే ఏ జంతువైనా. ఏనుగును అందులో 'మృగ హస్తి' అంటారు, అంటే చెయ్యి ఉన్న మృగం, తొండమే ఆ చెయ్యి, తర్వాత మృగం జారిపోయి హస్తి ఒక్కటే పేరుగా మిగిలింది. విష్ణువును కొండల్లో తిరిగే భయంకరమైన మృగంతో పోల్చిన చోట జింక అని పెట్టి చదవండి, నవ్వొస్తుంది. మృగరాజు, శాఖామృగం (కోతి) ఆ పాత అర్థంలోవే. జింక అర్థం తర్వాత బలపడింది. మృగాంకుడు (చంద్రుడు), మృగనాభి (కస్తూరి), మాయామృగం అన్నీ జింక లెక్కే. ఇంగ్లీషులో డీర్ కూడా ఒకప్పుడు ఏ జంతువైనా, దాని చుట్టం జర్మన్ 'టీర్' ఇప్పటికీ జంతువే.

మరాఠీ, ఒడియా జింక వైపు పోయాయి, తమిళం, మలయాళం జంతువు దగ్గరే ఉన్నాయి, మలయాళంలో జంతు ప్రదర్శనశాలను మృగశాల అంటారు. మనం మాత్రం దానికి క్రూరత్వం తగిలించాం. ఆవును మృగం అన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. పాత పద్యాల్లో కనిపించే 'మెకము' కూడా ఈ మృగమే, అరిగి అలా అయింది.

కిన్వట్_బైక్:
కాకా, ఒకటి మరిచారు. ముర్గీ! పాత ఇరానీ భాషలో ఇదే మాట పక్షి అయింది, పారసీలో 'ముర్గ్' అంటే పక్షి, అక్కడి నుంచి హిందీకి వచ్చి కోడి అయింది. కాబట్టి చికెన్ సెంటర్ బోర్డు మీద ఉన్నది కూడా మృగానికి చుట్టమే.

సిరోంచ_మిర్చి:
ఇది వాడికి చెప్తే ఆదివారం కూర తిననివ్వడు. సరే, మరి మిర్గం సంగతి?

చాంద_రైతు:
అది జింకే. మృగశిర అంటే జింక తల, నక్షత్రం పేరు. సూర్యుడు జూన్ 7, 8 ప్రాంతంలో ఆ నక్షత్రంలోకి వస్తాడు, రెండు వారాలు ఉంటాడు, ఋతుపవనాలు కూడా అప్పుడే కాబట్టి మరాఠీ రైతుకు మృగ్ అంటే వాన, మనకు మిర్గం అంటే విత్తనాల టెన్షన్, చేపల కూర. మొదటి వానకు పొలంలో వచ్చే ఎర్ర మఖ్మల్ పురుగును మరాఠీవాళ్లు మృగాచా కిడా అంటారు, అదే పురుగును మనం పక్క కార్తె పేరు పెట్టి ఆరుద్ర పురుగు అంటాం! విదర్భ సంత్రా (కమలా) తోటల్లో వానల మొదట్లో పూసే పూత మృగ్ బహార్. నాకైతే జింక అనగానే జింక గుర్తురాదు, మబ్బు గుర్తొస్తుంది.

సిరోంచ_మిర్చి:
మరి మార్గశిర మాసం చలికాలంలో కదా, అదీ ఇదేనా?

దెగ్లూర్_కాకా:
అదే నక్షత్రం. జూన్‌లో సూర్యుడు అక్కడ ఉంటాడు, ఆరు నెలలకు సూర్యుడు ఎదురు వైపు పోతాడు, పౌర్ణమి చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగానే కాబట్టి ఆ నెల పున్నమికి చంద్రుడు మృగశిరలో ఉంటాడు. నెలకు పేరు అలా వచ్చింది. పరీక్షలో మాత్రం మృగ్ అంటే హరిణ్ అనే రాయమనండి, మార్కులు పోగొట్టుకోవద్దు.