గేమింగ్ పీసీ ఇప్పుడే బిల్డ్ చేయాలా, ర్యామ్ ధరలు దిగేదాకా ఆగాలా?

బెజవాడ_గేమర్: నా దగ్గర ఐ5 10400 ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. కొత్త గేమ్‌లు లో సెట్టింగ్స్‌లో కూడా తడబడుతున్నాయి. ఎనభై వేలు అనుకున్నాను. కిందటేడాది రాసుకున్న లిస్టుకే ఇప్పుడు రేట్లు అడిగితే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ దగ్గరే బడ్జెట్ తేలిపోతోంది. డిగ్రీ రెండో ఏడాది. ఏం చేయమంటారు?

రైజెన్_రాజు: ఆగకు తమ్ముడూ. మెమరీ చేసే పెద్ద కంపెనీలు మూడే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఏఐ సర్వర్లకు వెళ్లే హెచ్‌బీఎం అనే వేగమైన మెమరీ వైపు మళ్లారు. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారమే ఆపేస్తున్నామంది. కొత్త ఫ్యాక్టరీ లేవాలంటే ఏళ్లు పడుతుంది. ఏఎం5 బోర్డు (కొత్త రైజెన్ ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డు, డీడీఆర్5 ర్యామే పడుతుంది), 16 జీబీ ర్యామ్ ఒక్క స్టిక్‌తో మొదలుపెట్టు. మిగతాది నో కాస్ట్ ఈఎంఐలో పెట్టేయ్.

సికింద్రాబాద్_సీను: ఆగు. 2021లోనూ గ్రాఫిక్స్ కార్డుల ధరలు "ఇక తగ్గవు" అనే అన్నారు. అప్పుడు క్రిప్టో కరెన్సీ మైనింగ్ వాళ్లు కార్డులు ఎగరేసుకుపోయారు. ఒక షాపులో నాకు దాదాపు రెట్టింపు ధరకు అంటగట్టి, పైగా నాకు అక్కర్లేని ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) కూడా కొంటేనే ఇస్తామన్నారు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియమ్ మైనింగ్ ఆగిపోయింది. అవే కార్డులు సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా వచ్చాయి.

ఫ్రేమ్స్_పిచ్చి: ఒక్క స్టిక్ వేస్తే ఫ్రేమ్స్ పడిపోతాయి, గేమ్ అంత సాఫీగా నడవదు. రెండు 8 జీబీ స్టిక్‌లు వేయాలి.

రైజెన్_రాజు: రెండు 8లు వేస్తే 32 జీబీకి మారేటప్పుడు ఆ రెండూ పక్కన పడేయాలి కదా.

ఫ్రేమ్స్_పిచ్చి: తర్వాత కొన్న స్టిక్ పాతదానితో ఎక్స్‌పో స్పీడ్‌లో (ర్యామ్ ప్యాకెట్ మీద రాసిన పూర్తి వేగంలో) నడుస్తుందని గ్యారంటీ ఉందా? రెండూ కలిపి కిట్‌గా కొనమనేది అందుకే.

కోనసీమ_కన్సోల్: జీటీఏ 6 గేమ్ వచ్చాక కొనుక్కో.

ఫ్రేమ్స్_పిచ్చి: 2026 నవంబర్ 19 అని ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లకే. పీసీకి తేదీ ఇవ్వలేదు.

సికింద్రాబాద్_సీను: ఎక్స్‌పో సంగతి తర్వాత. రాజు గారూ, చదువుకునే పిల్లాడికి ఈఎంఐ అని అంత తేలిగ్గా ఎలా చెప్పారు? మా తమ్ముడు ఫోన్ కోసం నాన్న క్రెడిట్ కార్డు వాడాడు. వాయిదాలు తప్పాయి. ఇంటి లోన్‌కు వెళ్తే సిబిల్ స్కోరు చూపించి నాన్నను వెనక్కి పంపారు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

రైజెన్_రాజు: మీ ఇంటి సంగతి తెచ్చి నా మీద వేయకండి. నాకూ అందరూ ఆగమనే చెప్పారు. చదువు అయ్యాక, ఉద్యోగం వచ్చాక, చెల్లి పెళ్లయ్యాక. ఇప్పుడు ఏ గ్రాఫిక్స్ కార్డయినా కొనగలను, రాత్రి పదింటికి ఇల్లు చేరి ఆడే ఓపిక లేదు. ర్యామ్ ధర రెండేళ్లకు దిగుతుందేమో. స్నేహితులతో ఆడుకునే ఆ రెండేళ్లు మళ్లీ రావు.

సికింద్రాబాద్_సీను: ఆడొద్దని నేనెక్కడన్నాను? వాళ్ల నాన్న నెత్తిన పెట్టి ఆడొద్దంటున్నాను.

బెజవాడ_గేమర్: అన్నా, ఈఎంఐ పెట్టాల్సిన కార్డు నాన్నదే. ఇంకా అడగలేదు.

సికింద్రాబాద్_సీను: అయితే అడగక్కర్లేని దారి ఉంది. ప్రాసెసర్, డీడీఆర్4 ర్యామ్ అలాగే ఉంచు. సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీది చూడు. ఆర్‌ఎక్స్ 6600 కూడా మంచిదే, కానీ డేటా వెళ్లే దారులు, అంటే లేన్లు, దానికి ఎనిమిదే. కార్డును కలిపే పీసీఐఈ లింకు నీ 10400లో పాత 3.0 కాబట్టి కొంచెం నష్టం. 3060కి ఆ ఇబ్బంది లేదు. ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చూసి చెప్పు.

బెజవాడ_గేమర్: 450 వాట్స్. ఎనిమిది పిన్నుల వైరు ఒకటి ఉంది.

సికింద్రాబాద్_సీను: 3060కి ఎన్విడియా చెప్పేది 550. ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చు, అది రేపటి బిల్డ్‌కీ పనికొస్తుంది. కార్డు మాత్రం ఎదురుగా గేమ్ ఆడించి చూపించాకే డబ్బులివ్వు.

రైజెన్_రాజు: ఏడాదిన్నరకు ఆ ప్రాసెసర్ కూడా చాలదంటావు తమ్ముడూ. అప్పుడు డీడీఆర్5 ఎంతకు దొరుకుతుందో సీను గారినే అడుగు.

బెజవాడ_గేమర్: ఆదివారం 3060 చూడటానికి వెళ్తున్నాను అన్నా. ఏ టెస్ట్ పెట్టమని అడగాలి?