అప్‌డేట్: పిలిస్తే రాని కుక్కపిల్ల ఇప్పుడు వస్తోంది

విజయనగరం పెద్దచెరువు గట్టున మా కుక్కపిల్ల పిలిచినా రావట్లేదని అడిగాను కదా, మీరు చెప్పిన పద్ధతి పనిచేసిందండి. ముందు ఇంట్లో, తర్వాత పెరట్లో, ఆఖర్న గట్టు మీద నేర్పాలి. 5 మీటర్ల తాడు హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకే) కట్టాలి, మెడపట్టీకి కడితే గొంతు పట్టేస్తుంది. "రా" అని ఒక్కసారే అనాలి. రాకపోతే తాడు లాగకుండా మనమే వెనక్కి నాలుగడుగులు పరిగెత్తితే వెంటపడుతుంది. వచ్చిన క్షణంలోనే ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్క పెట్టాలి. ఆలస్యమైతే, ఈలోగా మీదికి ఎగిరినందుకే పెట్టారనుకుంటుంది. విడతకు 5 నిమిషాలు చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, పిలిచి తిట్టకూడదు. స్నానానికైతే మనమే వెళ్లి తెచ్చుకోవాలి. వచ్చిన ప్రతిసారీ ఇంటికి లాక్కురాకుండా, ముక్క పెట్టి మళ్లీ ఆడుకోనివ్వాలి. వీధికుక్కలు కనిపిస్తే ఇంకా మాట వినట్లేదు, అందుకే గట్టు మీద తాడు విప్పడం లేదు.