రెండు శాతం కమీషన్ అడిగే బ్రోకరు 20 రోజులుగా తిప్పుతున్నాడు, ఈసీ (స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాయితం) రావడం లేదు. ఏం చేయాలి?

పెన్నాగట్టు:
పొద్దున ఆరు నుంచి రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో కూర్చోనున్నా. ఇప్పుడు రెండున్నర. అన్నం కూడా తినలా. సర్వే నంబరు కొడితే వివరాలు లేవంటాది, మళ్ళీ కొడితే తిరగతా ఉంటాది. 30 అంకణాలు, అంకణం 96 వేలు. మొదట కలిసిన బ్రోకరు 2 శాతం అడిగాడు, అంటే 57,600. అంత తీసుకునేవాడు పని తొందరగా చేయాలా వద్దా? ఆ కాయితం తెండి, ఈ కాయితం తెండి, టోకెన్ అడ్వాన్సు మాత్రం ఇయ్యబాకండి అంటా 20 రోజులు లాగాడు. ఇంకో ఆయన మీ దగ్గర పైసా వద్దు, సోమవారం రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం అంటన్నాడు. ఈసీ ఎట్టా తీయాలో ఎవరన్నా చెప్పండి సామీ.

మినీబైపాస్:
ఏ ఊరు? ప్లాటా, పొలమా?

ఒంగోలు గిత్త:
అంకణం అంటే ఎంతండీ? మా ఒంగోలు వైపు గజాలు, సెంట్లే.

కొండకింద:
36 చదరపు అడుగులు.

వేదాయపాళెం:
అది తిరుపతి లెక్క బాబూ. నెల్లూర్లో అంకణం 72 అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి లెక్కతో ఇక్కడ బేరమాడితే సగానికి సగం తేడా వస్తాది. ఏ అంకణమో కాయితం మీద గజాల్లో రాయించుకోండి.

కొండకింద:
మా తాతల నాటి నుంచి అంకణం 36 అడుగులే. మీరు మార్చుకున్నారు.

వేదాయపాళెం:
మేమేం మార్చలేదు.

రెరా రాజు:
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) 9వ సెక్షన్ ప్రకారం ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా ఆ ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయించకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ముందు ఆ దళారి రెరా నంబరు అడగండి. నంబరు లేనివాణ్ణి ఏజెంటు అనడమే తప్పు.

గజంబద్ద:
దళారి అనకండి సార్. 18 ఏళ్ళుగా ఇదే పని మీద ఇల్లు నడుపుతున్నా, మధ్యవర్తి అనండి. ఇంకో మాట, ఆయన అడిగేది పాత ఓనరు దగ్గర చేతిమార్పు ప్లాటు లాగుంది. మీరు చెప్పే 9వ సెక్షన్ రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మించే ఏజెంట్లకి. ఒంటరి పాత ప్లాటుకి రెరా నంబరు ఏముంటది?

రెరా రాజు:
చట్టం స్ఫూర్తి గురించి చెప్తున్నాను నేను.

గజంబద్ద:
స్ఫూర్తిని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోరు సార్. పెన్నాగట్టు గారూ, కమీషన్ వద్దు అనేవాడికి డబ్బు యాడనుంచి వస్తాదో ఎప్పుడన్నా అడిగారా? అమ్మే ఆయనకి గజం 9 వేలని మాటిచ్చి మీకు 12 వేలు చెప్తే, 240 గజాలకి 7 లక్షల 20 వేలు మధ్యలో మిగులుతాది. మీ 57 వేలు దాని ముందర ఎంత? ఎవరి దగ్గర ఎంత తీసుకుంటన్నాడో ముందే నోరు తెరిచి చెప్పేవాడితో అంత భయం లేదు.

పెన్నాగట్టు:
ప్లాటే. పాత ఓనరే. పొదలకూరు రోడ్డు వైపు. ఈసీ సంగతి ఒక్కరూ చెప్పరేంది?

దస్తావేజు తాత:
నాయనా, ఊరి పేరు దగ్గర నలుగురూ పిలిచే పేరు కొట్టుంటావు. రెవెన్యూ గ్రామం పేరు పెట్టాలి. సర్వే నంబరు తర్వాత గీత గీసి వేసే సబ్ డివిజన్ నంబరుతో సహా కొట్టు. ఆన్‌లైన్లో 1983 నుంచే ఉంటాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఈసీ ఖాళీగా వస్తే భూమి మంచిదని కాదు. రిజిస్టరు చేయని అగ్రిమెంటు అందులో ఎక్కదు. అన్నదమ్ముల తగాదా ఎక్కదు.

మినీబైపాస్:
22ఏ చూశారా?

చేపలపులుసు:
నాకు మంచి బ్రోకరు దొరికాడు ఒకసారి. ముత్తుకూరు రోడ్డులో ప్లాటు చూపించి, రేటు మాట్లాడి, నేను సరే అన్నాక ఆయనే ఆపాడు. "కార్తీకంలో వాన పడ్డాక ఒకసారి వచ్చి నిలబడండమ్మా, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. నవంబర్లో పోతే చెప్పులు చేత్తో పట్టుకొని నడవాల్సి వచ్చింది, చీర కుచ్చిళ్ళు మోకాలి దాకా తడిసినాయి. ఆయన కమీషన్ ఆయనే పోగొట్టుకున్నాడు. తర్వాత మా ఆడపడుచుకీ, మా మరిదికీ ఆయన చేతనే కొనిపించాం.

ఒంగోలు గిత్త:
అంత మంచోడైతే వానాకాలంలోనే చూపించాల్సింది.

పెన్నాగట్టు:
22ఏ అంటే ఏందన్నా? మొదటాయన కూడా అదే అన్నాడు. మొన్న పాత రిజిస్టరు జిరాక్సు ఒకటి తెచ్చాడు, వేలు తడిపి పేజీ తిప్పి చూపించాడు. పేరు ఉండాల్సిన కాడ వరసగా చుక్కలున్నాయి. జిరాక్సు సరిగా పడలేదనుకున్నా.

దస్తావేజు తాత:
నాయనా! ఇది మొదటే చెప్పొద్దా? అది జిరాక్సు లోపం కాదు, చుక్కల భూమి. నూరేళ్ళ కిందట తెల్లదొరల కాలంలో రీసెటిల్‌మెంట్, అంటే భూముల లెక్కలు, శిస్తు మళ్ళీ కట్టే పని, చేసినప్పుడు, ఎవరిదో తేలని నంబర్లకి పట్టాదారు పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ రిజిస్టరునే డైగ్లాట్ అంటాం. తర్వాత ఇట్టాంటివి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో పడ్డాయి. 12 ఏళ్ళు అనుభవంలో ఉన్నవాటిని సరిచేసేదానికి 2017లో చట్టం తెచ్చారు. ఇంటి దగ్గర కూర్చున్న బ్రోకరెవడూ ఆ కాయితం తెచ్చి చూపించడు. 20 రోజులు ఆయన చేసిన పని అదే.

పెన్నాగట్టు:
రెండో ఆయన చుక్కలన్నీ తీసేశారు అన్నాడే?

దస్తావేజు తాత:
2023 మేలో కావలిలో సభ పెట్టి చాలావాటికి తీశారు. అన్నిటికీ తీశారని కాదు. నీ సర్వే నంబరు అందులో ఉందో లేదో చూడు. అదే సైట్లో నిషేధిత ఆస్తుల జాబితా ఊరి వారీగా ఉంటుంది.

కొండకింద:
ఎవరి హయాంలో తీశారో కూడా చెప్పండి మరి. వాళ్ళు తీస్తే వీళ్ళు...

వేదాయపాళెం:
రాజకీయాలు వద్దు. అంకణం దగ్గరే ఆగు నువ్వు.

మినీబైపాస్:
టోకెన్ ఇచ్చారా?

పెన్నాగట్టు:
నిన్న రాత్రి లక్ష కొట్టా. రెండో ఆయనకి. చెప్పలేదా?

మినీబైపాస్:
రసీదు?

పెన్నాగట్టు:
ఫోన్లో కొట్టాను కదా, మెసేజ్ ఉంది.

గజంబద్ద:
ఓనరు పేరు మీద కొట్టారా, బ్రోకరు పేరు మీదనా? బ్రోకరుదైతే ఓనరు నాకేం తెలీదంటాడు. ఇప్పుడే ఆయనకి మెసేజ్ పెట్టండి, ఫలానా సర్వే నంబరు ప్లాటుకి ఇంత అడ్వాన్సు ఇచ్చాను, 22ఏలో ఉంటే తిరిగియ్యాలి అని. సరే అని జవాబు రాయించుకోండి. నోటి మాట పనికిరాదు.

రెరా రాజు:
చూశారా, అందుకే అగ్రిమెంటు లేకుండా డబ్బు ఇవ్వకూడదని 13వ సెక్షన్...

పెన్నాగట్టు:
ఈసీ వచ్చేసింది. ఊరి పేరు తప్పు కొట్టినా. థాంక్స్ తాతా. మొదటాయనకి రెండుసార్లు ఫోన్ చేశా, ఎత్తలా.

మినీబైపాస్:
22ఏ?

చేపలపులుసు:
ఆ మొదటాయన నంబరు నాకు ఇన్‌బాక్స్ చేయండి తమ్ముడూ. మా చిన్నమ్మాయికి వేదాయపాళెంలో చూస్తన్నాం.

మినీబైపాస్:
పెన్నాగట్టు, ఉన్నారా?

ఒంగోలు గిత్త:
తాతా, మా గుడ్లూరు వైపు పొలం ఒకటుంది. దాని ఈసీలో 1996 నుంచి మాత్రమే వస్తోంది, ముందువి ఎట్టా?