అమ్మకి కాలు సెల్యులైటిస్: జ్వరం పోయింది, వాపు పోలేదు. మీ అనుభవాలు చెప్పండి

తణుకు_అమ్మాయి
అందరికీ నమస్కారం. మా అమ్మకి అరవై దాటాయి, షుగర్ ఉంది. పోయిన వారం ఒక రాత్రి ఉన్నట్టుండి చలి, వణుకు మొదలయ్యాయి. దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగలేదు. మలేరియా ఏమో అనుకున్నాం. తెల్లారేసరికి ఎడమ కాలు చీలమండ నుంచి పిక్క దాకా వాచి నిగనిగలాడుతోంది, చెయ్యి వేస్తే వేడి, గజ్జలో బిళ్ల కట్టింది. పక్కింటి పిన్నిగారు చూసి "ఇది సర్పి, జాజు పూయండి" అన్నారు. నాన్న వినలేదు, ఆటో పిలిచి నేరుగా సర్జన్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చూడగానే సెల్యులైటిస్, అంటే చర్మం అడుగున పాకే ఇన్‌ఫెక్షన్ అని చెప్పి అడ్మిట్ చేసుకున్నారు. సెలైన్‌తో యాంటీబయాటిక్ ఎక్కించి, జ్వరం పూర్తిగా తగ్గాక మాత్రలు రాసి ఇంటికి పంపారు.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, వాపు సగం కూడా దిగలేదు. పడుకున్నంతసేపూ బాగానే ఉంటుంది, కాలు కింద పెట్టిందంటే ఏడుస్తోంది. రోజుకోసారైనా "కాలు తీసేస్తారంటావా?" అని అడుగుతోంది. మందు పనిచేస్తున్నట్టా, లేనట్టా? ఇది వచ్చి తగ్గినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మల్కాజిగిరి_శ్రీను
ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. జ్వరం పోయి, అన్నం సయిస్తోందంటే మందు పట్టినట్టే. నాకు కుడికాలికి వచ్చింది. లోపల క్రిములు చచ్చినా చర్మం కింద చేరిన నీరు అంత తొందరగా పోదు. నెల దాటాక గానీ నా పాత బూటు ఆ కాలికి పట్టలేదు.

కాలు దించితే వచ్చే ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. బాత్రూంకి వెళ్దామని పాదం నేలకి ఆనించగానే పిక్కలోకి జర్రున ఏదో దిగినట్టు, చర్మం చిట్లిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. కాసేపటికి అదే సర్దుకుంటుంది. అందుకని ఒక్కసారిగా లేవనివ్వకండి. మంచం మీదే కూర్చోబెట్టి పాదాన్ని పైకీ కిందికీ ఆడించమనండి, తర్వాత అంచున కాళ్లు వేలాడేసి కాసేపు ఆగి, అప్పుడు నిలబడాలి. పొద్దున లేచే పనులకి అరగంట ముందు పారాసిటమాల్ వేసుకుంటే నాకు సులువుగా ఉండేది. ఇండియన్ టాయిలెట్ అయితే మాత్రం చాలా కష్టం. మందుల షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, మొహమాటపడకుండా తెచ్చేయండి.

ఇంకోటి. కాలు ఎత్తులో పెట్టమంటే అందరూ కుర్చీలో కూర్చుని స్టూలు మీద పెడతారు. అది చాలదు. పడుకున్నప్పుడు పాదం గుండె కంటే ఎత్తులో ఉండాలి. దిండ్లు పెడితే నిద్రలో జారిపోతాయి. మా ఆవిడ మంచానికి కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టేసింది, ఆ రాత్రి నుంచి తేడా తెలిసింది.

వార్డు_సిస్టర్
సర్జికల్ వార్డులో చాలా ఏళ్లుగా చేస్తున్నాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

శ్రీను గారు చెప్పింది నిజం. కాకపోతే గుండె జబ్బు ఉన్నవాళ్లు, పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లు ఆ ఇటుకల సంగతి డాక్టర్‌ని అడిగి చేయాలి.

ఇది ఎక్కువగా స్ట్రెప్టోకోకస్, కొన్నిసార్లు స్టెఫైలోకోకస్ అనే బాక్టీరియా వల్ల వస్తుంది. చర్మంలో చిన్న చీలిక చాలు, లోపలికి దిగిపోతాయి. వార్డుకి రాగానే మేం చేసే మొదటి పని బాల్ పెన్నుతో ఎర్రదనం అంచు చుట్టూ గీత గీసి పక్కన టైం రాయడం. మందు మొదలెట్టాక మొదటి రోజు, ఒక్కోసారి రెండో రోజు కూడా ఎర్రదనం గీత దాటొచ్చు. దాంతోనే మందు పనిచేయట్లేదని కంగారు పడక్కర్లేదు. 48 గంటలు దాటినా ఇంకా పాకుతుంటే, జ్వరం దిగకపోతే అప్పుడు డాక్టర్లు మందు మారుస్తారు, లేదా లోపల చీము గడ్డ కట్టిందేమో అని స్కాన్ తీయిస్తారు. సిరలో రక్తం గడ్డకట్టినా కాలు ఇలాగే వాస్తుంది కాబట్టి అనుమానం ఉంటే డాప్లర్ (సిరల్లో రక్తం పారడం చూసే స్కాన్) కూడా రాస్తారు.

మన ఒంటి రంగుకి ఎర్రదనం అందరిలోనూ స్పష్టంగా కనబడదు. చామనఛాయ వాళ్లలో ఊదా రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. చేతి వెనక వైపుతో రెండు కాళ్లూ తాకి చూడండి, వేడి తేడా తెలిసిపోతుంది. రెండు కాళ్లూ ఒకేసారి ఎర్రబడి, జ్వరం లేకపోతే అది సెల్యులైటిస్ కాకపోవచ్చు. సిరల్లో రక్తం నిలిచిపోయినా అలా అవుతుంది. దానికి యాంటీబయాటిక్ మింగినా ఉపయోగం ఉండదు.

అమ్మగారి ప్రశ్నకి జవాబు: ఇలా మందుకి తగ్గుతున్న సెల్యులైటిస్‌కి కాలు తీయరు. భయపడాల్సింది వేరే ఉంది. పైకి కనిపించేదానికి పొంతన లేనంత నొప్పి, నల్లబడిన మచ్చలు, రక్తపు నీటి బొబ్బలు, నొక్కితే చర్మం కింద కరకరమనడం, మనిషి మగతగా అయిపోవడం, ఒంటేలు తగ్గిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఒక్క గంట కూడా ఆగొద్దు, అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రికే. అప్పుడు ఆపరేషన్ చేసి చెడిన కండ తీయాల్సి రావచ్చు, అక్కడ గంటల లెక్కే.

నొప్పికి షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకోకండి. షుగర్ వాళ్ల కిడ్నీలకి మంచిది కాదు. పైగా నొప్పీ జ్వరం అణిగిపోయి, లోపల ముదురుతున్నా తెలియదు.

కోనసీమ_కొబ్బరి
సిస్టర్ గారూ, మా మామయ్యగారికీ ఇదే వచ్చింది. ఇంట్లో పప్పు, గుడ్డు, వంకాయ అన్నీ ఆపేశారు. పప్పు తింటే చీము పడుతుందంటున్నారు. చారన్నం మీదే ఉన్నారు పాపం.

వార్డు_సిస్టర్
పెట్టండమ్మా, అన్నీ పెట్టండి. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చర్మం మళ్లీ పట్టాలంటే ప్రొటీన్ కావాలి. గుడ్డు, పప్పు, చేప ఏది పడితే అది. షుగర్ ఉంటే అన్నం తగ్గించి ఇవి పెంచండి. చారన్నంతో షుగరూ పెరుగుతుంది, ఒంట్లో బలమూ ఉండదు.

ప్రకృతి_మిత్ర
ఇన్ని యాంటీబయాటిక్‌లు అవసరమా? వేపాకు, పసుపు నూరి కట్టు కట్టి, ఉప్పు కాపడం పెడితే మా తాతగారి కాలంలో తగ్గేవి.

మల్కాజిగిరి_శ్రీను
సెగగడ్డకైతే సరే అన్నా. ఇది చర్మం అడుగున కాలంతా పాకే ఇన్‌ఫెక్షన్, పైన కట్టిన పసుపు అక్కడికి చేరదు. నా పక్క బెడ్డాయన కాపడం పెట్టుకుని పిక్కంతా బొబ్బలతో వచ్చాడు. షుగర్ వాళ్లకి కాలు స్పర్శ తక్కువ, కాలుతున్నా తెలియదు. దయచేసి ఈ థ్రెడ్‌లో కాపడం సలహా ఇవ్వొద్దు.

లెస్టర్_రావు
యూకే నుంచి. ఇక్కడ నాకు ఫ్లూక్లోక్సాసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. రోజుకి నాలుగు సార్లు, అదీ ఖాళీ కడుపుతో. తిండికి గంట ముందన్నా ఉండాలి, తిన్న రెండు గంటల తర్వాతన్నా ఉండాలి. మధ్యలో టీ బిస్కెట్లు మానలేని మనలాంటి వాళ్లకి ఇదో పెద్ద పరీక్ష. ఫోన్‌లో అలారాలు పెట్టుకుని లాక్కొచ్చాను.

తగ్గాక ఎవరూ చెప్పని సంగతులు రెండు చెప్తాను. ఒకటి దురద. వాపు దిగుతుంటే పిక్క మీద చర్మం ఉల్లిపొరలా పొరలు పొరలుగా లేచింది, రాత్రిళ్లు ఒకటే దురద. గోకితే మళ్లీ చీలిక, మళ్లీ క్రిములకి దారి. గోళ్లు పూర్తిగా కత్తిరించి, స్నానం అవగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకునేవాణ్ణి. రెండోది నీరసం. జ్వరం పోయింది కదా అని ఆఫీసుకి లాగిన్ అయితే మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడేవి. మేనేజర్‌కి కాలు కనబడదు, మనం వీడియోలో బాగానే ఉంటాం. సిక్ నోట్ పొడిగించమని జీపీని, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్‌ని, అడగడానికి మొహమాటపడ్డాను, కానీ ఆమె అడిగిన వెంటనే ఇచ్చారు.

సిరిసిల్ల_మగ్గం
నాది పవర్‌లూమ్ పని, పొద్దంతా నిలబడే ఉండాలె. వానాకాలం రాంగనే నాకు ఎడమ కాలికి ఇది వచ్చుడు, దవాఖానల పడుడు, తగ్గుడు, మళ్లీ వచ్చుడు. ప్రతిసారీ మందులు ఇచ్చి పంపేవాళ్లు. ఒక పెద్ద డాక్టర్ మాత్రం కాలు సంగతి పక్కన పెట్టి నా కాలివేళ్లు విడదీసి చూసిండు. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య తెల్లగా నాని, చీలి ఉన్నది. "ఇదే నీ దర్వాజ, ఇది మూసేదాక లోపలికి వస్తూనే ఉంటయ్" అన్నడు.

అది ఫంగస్. క్లోట్రిమజోల్ క్రీమ్ పూసుడు, కాళ్లు కడిగిన ప్రతిసారీ సందులల్ల పాత నూలుబట్టతోని ఒత్తి తుడుచుకునుడు. తడి సాక్సులు, ప్లాస్టిక్ బూట్లు బంద్. ఫంగస్ పోయినట్టు కనబడ్డా ఇంకా కొన్నాళ్లు పూయమన్నడు. మడమ పగుళ్లకు రాత్రి వ్యాజిలిన్ పూస్త, కానీ వేళ్ల సందులల్ల మాత్రం నూనె, వ్యాజిలిన్ పెట్టొద్దు, ఇంకా నానుతది.

దాంతోపాటు మూడు వారాలకొకసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ ఇంజెక్షన్ రాసిండు. తుంటికి బాగా నొప్పి లేస్తది గానీ, అది మొదలైనంక వానాకాలం మంచం ఎక్కకుండా పోయింది.

లెస్టర్_రావు
సిరిసిల్ల అన్నా, మంచి మాట చెప్పావు. పదే పదే వచ్చేవాళ్లకి తక్కువ డోసు పెనిసిలిన్ మీద యూకే, ఐర్లాండ్‌లలో ట్రయల్ జరిగింది, 2013లో ప్రచురించారు. కాలికి కనీసం రెండుసార్లు వచ్చినవాళ్లని తీసుకుని ఏడాది పాటు రోజూ 250 మిల్లీగ్రాముల మాత్ర రెండు పూటలా ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 37 శాతం మందికి మళ్లీ వస్తే, పెనిసిలిన్ వేసుకున్నవాళ్లలో 22 శాతం మందికి వచ్చింది. మాత్ర ఆపేశాక మాత్రం ఆ తేడా నిలవలేదు. అందుకే నువ్వు చెప్పిన వేళ్ల సందుల పనే అసలు పని అని నా ఉద్దేశం. పెనిసిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి, అది మర్చిపోకండి.

గోదారి_గట్టు
మాది పాలకొల్లు వైపు. నాకు బోదకాలు. మా ఊళ్లో ఈ చలిజ్వరాన్ని బోద జ్వరం అంటారు. వచ్చినప్పుడల్లా దోమల మాత్ర, అదే ఫైలేరియా పురుగుకి వాడే డీఈసీ, మింగేవాళ్లం. ఫైలేరియా క్లినిక్‌లో విడమర్చి చెప్పారు: పురుగు శోషరస నాళాల్ని (కాల్లో చేరే నీటిని లాగేసే సన్న గొట్టాల్ని) ఎప్పుడో పాడుచేసింది, ఇప్పుడొచ్చే ఈ జ్వరాలు మాత్రం చాలావరకు చర్మం చీలికల్లోంచి దిగే బాక్టీరియావే. వాటికి యాంటీబయాటిక్ కావాలి, డీఈసీ కాదు.

అక్కడ ఒక టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, క్రీమ్ ఉన్న కిట్ ఇచ్చారు. రోజూ సాయంత్రం మామూలు నీళ్లూ మామూలు సబ్బుతో మోకాలి నుంచి కిందికి, మడతల్లో వేలు పెట్టి మెల్లగా కడగాలి. బ్రష్షుతో రుద్దకూడదు. తుడవడం కాదు, అద్దాలి. ఇందులో పెద్ద వైద్యమేమీ లేదు. చదవడానికి ఇది మరీ చిన్న విషయంలా ఉంటుంది గానీ, నాకు జ్వరాలు బాగా తగ్గింది దీనితోనే. డబ్బు పెట్టి కొనే పనిలేదు కాబట్టి జనం నమ్మరు.

భద్రాద్రి_స్వామి
ఇంకో మాట కలుపుతాను. కార్తీకంలో మా బావగారు అయ్యప్ప మాల వేసుకున్నారు. షుగర్ మనిషి, దీక్షంతా ఉత్త కాళ్లే. అరికాల్లో ముల్లు దిగింది, స్పర్శ తక్కువ కదా, తెలియలేదు. కాలు వాచాక చూస్తే అక్కడ చీము. గురుస్వామి గారే ఆసుపత్రికి వెళ్లమని, చెప్పులు వేసుకోమని చెప్పారు, మాల కూడా తీయక్కర్లేదన్నారు. షుగర్ ఉన్న స్వాములు రోజూ పడుకునే ముందు అరికాళ్లు అద్దంలోనో, ఇంట్లోవాళ్లతోనో చూపించుకోండి. వేసవిలో గుడి బండల మీద ప్రదక్షిణలకీ ఇదే మాట.

తణుకు_అమ్మాయి
అందరికీ చాలా థాంక్స్. సిరిసిల్ల అన్న పోస్టు చదివి అమ్మ వేళ్లు విడదీసి చూశాను. అచ్చం అలాగే ఉంది, నాలుగో సందులో! అంట్లు తోముతూ, బట్టలు ఉతుకుతూ పొద్దస్తమానం తడిలోనే ఉంటుంది కదా. రివ్యూలో సర్జన్ గారికి చూపిస్తే క్రీమ్ రాశారు. ఇటుకలు పెట్టాం, పొద్దున్నే పిక్క మెత్తబడుతోంది, సాయంత్రానికి మళ్లీ కాస్త బిగుస్తోంది. నొప్పి మాత్రం బాగా తగ్గింది, నిన్న తనే వంటింట్లోకి వచ్చి నా పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్లింది. మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో (HbA1c) 9 శాతం దాటింది, ఇన్సులిన్ మొదలుపెట్టారు. డాక్టర్ గారు సాక్సులు, ఆ బిగుతువి, వాడమన్నారు. ఎప్పటి నుంచి వేయాలి? ఏ సైజు?

వార్డు_సిస్టర్
ఎర్రదనం, ముట్టుకుంటే నొప్పి పూర్తిగా పోయాకే. షుగర్ కాబట్టి వేసేముందు పాదంలో రక్తప్రసరణ చూడమని అడగండి. చేతికీ కాలికీ బీపీ తీసి పోల్చే పరీక్ష ఉంటుంది. ప్రసరణ తక్కువగా ఉన్న కాలికి బిగుతు సాక్సు హాని చేస్తుంది. కొలతలు పొద్దున్నే, మంచం దిగకముందే తీయాలి: చీలమండ పైన సన్నటి చోట, పిక్క లావుగా ఉన్నచోట, మడమ నుంచి మోకాలి కింద దాకా పొడవు. సాయంత్రం వాపు మీద కొలిస్తే పెద్ద సైజు వచ్చి పనిచేయదు. పొద్దున లేవగానే వేసి, రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. పైన మడత పడనివ్వకండి, తాడు కట్టినట్టు నొక్కేస్తుంది.

లెస్టర్_రావు
వేయడమే పెద్ద కుస్తీ. సాక్సుని మడమ దాకా లోపలి వైపు బయటికి తిప్పి, పాదం దూర్చి, తర్వాత పైకి లాగాలి. చేతులకి గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే జారకుండా ఎక్కుతుంది. రెండు జతలు కొనండి, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు ఇంకోటి ఉంటుంది.