చలికి మైలేజీ పడిపోయింది, టైర్లలో 44 కొట్టించమంటున్నారు. ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట. ఆగస్టులో డెట్రాయిట్ వచ్చి, 2012 ప్రియస్ ఒకటి కొనుక్కున్నాను, పెట్రోలు ఇంజినూ బ్యాటరీ మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ కారు. మొదట్లో గాలనుకి 52 మైళ్లు ఇచ్చేది, ఇప్పుడు డిసెంబరులో 41కి పడిపోయింది. టైరు మీద 44 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని రాసుంది, అంత కొట్టించేస్తే మైలేజీ మళ్లీ వస్తుందని రూమ్మేట్ అంటున్నాడు. ముందు టైర్లు రెండూ అరిగినట్టున్నాయి కూడా. పెద్దవాళ్లు కాస్త చెప్పండి.

బొబ్బిలి అక్క:

తమ్ముడూ, 44 మాత్రం కొట్టించకు. టైరు పక్కన రాసున్నది ఆ టైరు దాటకూడని హద్దు. నీ కారుకి ఎంత కావాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనపడే స్టిక్కరు మీద ఉంటుంది. 15 అంగుళాల చక్రాలున్న నీ తరం ప్రియస్‌కి ముందు 35, వెనక 33. మన హైవే బంకుల్లో నాలుగింటికీ ఒకటే కొట్టించేస్తాం చూడు, ఇక్కడ అలా వద్దు. అంతకు మించి బిగిస్తే టైరు నడుం ఉబ్బి, రోడ్డుకి ఆనే చోటు తగ్గుతుంది. మంచు పడ్డ రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆ చోటే నిన్ను కాపాడాలి.

ఇప్పుడు చలి సంగతి. సిక్కోలులో సంక్రాంతి చలికి టైరుకి పెద్దగా ఏమీ కాదు. ఇక్కడ ప్రతి 10 ఫారన్‌హీట్ డిగ్రీల తగ్గుదలకీ సుమారు 1 పీఎస్ఐ పోతుంది. ఆగస్టులో 80 డిగ్రీలప్పుడు 35 పెట్టిన టైరు, 20 డిగ్రీల పొద్దున చూస్తే 29 దగ్గర ఉంటుంది. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగలేదు కాబట్టి బాగానే ఉందనుకోవద్దు. ఇక్కడి చట్టం ప్రకారం స్టిక్కరు అంకెకి 25 శాతం తగ్గితే ఆ దీపం వెలగాలి, అంటే నీకు దాదాపు 26. ఈలోగా 29తో నెలల తరబడి తిరిగేస్తాం, టైరు అంచులు రెండూ అరిగిపోతాయి.

అయితే 52 నుంచి 41కి పడిపోవడానికి గాలి కారణం కాదు. అమెరికా ఇంధన శాఖ లెక్కలో సగటున 1 పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. 6 తగ్గినా 1.2 శాతమే, అంటే నీకు అర మైలు పైచిలుకు. మిగతాదంతా చలి పనే. మామూలుగా సిగ్నల్ దగ్గర ఆగిపోయే ఇంజిను, నీ హీటరు కోసం, తను వేడెక్కడం కోసం నడుస్తూనే ఉంటుంది. 20 డిగ్రీల చలిలో ఊళ్లో తిరిగే హైబ్రిడ్‌కి మైలేజీ 30 నుంచి 34 శాతం దాకా తగ్గుతుందని అదే శాఖ చెబుతోంది. నీ బండికి జబ్బేం లేదు. పనులన్నీ ఒక్కసారి బయల్దేరినప్పుడే చూసుకో, వేడెక్కిన ఇంజిను మళ్లీ చల్లారకుండా.

డబ్బు లెక్క కూడా చూడు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 1.2 శాతం అంటే మూడు గాలన్లు. నాలుగు కొత్త టైర్లకయ్యే ఖర్చు ముందు అదెంత? గాలి సరిగ్గా ఉంచుకునేది పెట్రోలు కోసం కన్నా టైర్ల కోసం, బ్రేకుల కోసం.

ముందు టైర్లు అరగడం సహజమే. ఈ బండిని లాగేవీ, తిప్పేవీ, బ్రేకు నొక్కినప్పుడు బ్యాటరీకి కరెంటు పుట్టించేవీ ముందు చక్రాలే. అందుకే 5,000 మైళ్లకోసారి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్పించాలి. ఆ రసీదులు దాచుకో, టైరు వారంటీ అడిగేటప్పుడు కావాలి. ఎలా అరిగాయో చేత్తో తడిమి చూడు. నడుం అరిగితే గాలి ఎక్కువైంది. రెండంచులూ అరిగితే తక్కువైంది. ఒకవైపే అరిగినా, ఒక దిక్కు నునుపుగా, ఎదురు దిక్కు రంపం పళ్లలా తగిలినా అలైన్‌మెంటు, అంటే చక్రాల వాలు సరిచేయించడం, చేయించాలి. అది చేయించకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే పోతాయి. లోతు కోసం క్వార్టర్ నాణెం తలకిందులుగా గాడిలో పెట్టు. దాని మీదున్న వాషింగ్టన్ బొమ్మ నడినెత్తి కనిపిస్తే అంగుళంలో 32వ వంతులు నాలుగు కూడా మిగల్లేదన్నమాట. చాలా రాష్ట్రాల్లో రెండు దాకా చట్టం ఒప్పుకుంటుంది, కానీ మిషిగన్ మంచులో నాలుగు దగ్గరే మార్చెయ్యి.

మార్చేటప్పుడు 'లో రోలింగ్ రెసిస్టెన్స్' రకం, అంటే తక్కువ శక్తితో దొర్లేవి, అడుగు. వాటితో కూడా మొదట్లో మైలేజీ కాస్త తగ్గుతుంది, కంగారు పడకు. మందంగా ఉన్న కొత్త గ్రిప్పు దొర్లేటప్పుడు ఎక్కువ వంగుతుంది, శక్తి తింటుంది. పైగా పాత టైరు అరిగి చిన్నదైపోయి ఉంటుంది. 25 అంగుళాల ఎత్తు టైరు చుట్టూ పావు అంగుళం అరిగితే, బండి నడిచినదానికన్నా దాదాపు 2 శాతం ఎక్కువ మైళ్లు లెక్కపెడుతుంది, అందుకే పాతవాటితో మైలేజీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

నరసన్నపేట తమ్ముడు:

చాలా థాంక్స్ అక్కా. ఆఫీసు నుంచి వస్తూ దారిలో గ్యాస్ స్టేషన్లో గాలి చూపించుకోనా?

రాజాం బాబాయి:

వద్దు బాబూ. నడిచొచ్చిన టైరు వేడికి ఎక్కువ చూపిస్తుంది. బండి మూడు గంటలైనా ఆగాక, పొద్దున్నే కదపకముందు చూడాలి. సొంతంగా ఒక గేజీ, సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే చిన్న కంప్రెసరు కొనుక్కో. డిక్కీలో స్టెప్నీ ఉందో లేదో, ఉంటే అందులో గాలుందో లేదో కూడా అప్పుడే చూడు. టైరు మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 3517 అని ఉంటే 2017లో 35వ వారం. అంత పాతవైతే గ్రిప్పు ఉన్నా నమ్మకు, ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాం.