ఉప్పునీటి పాయల్లో గాలం వేట: ఏడాది పొడవునా ఒకే గైడుతో వెళ్లడం మేలా?

ప్రశ్న: ఒంటరిగాలం

సభ్యులందరికీ నమస్కారం. చెరువుల్లోనూ మంచినీటి కాలువల్లోనూ గాలం వేయడం నాకు చిన్ననాటి నుంచి అలవాటే గాని, మడ అడవుల అంచుల్లోనూ, నది సముద్రంలో కలిసే మొగల దగ్గరా ఉప్పునీటి వేట పూర్తిగా కొత్త. గత ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక స్థానిక గైడును కుదుర్చుకుని అతని పడవలో వెళ్లాను. ఆ ఒక్క పూటలోనే ఆరు పండుగప్పలు, రెండు పారలు గాలానికి తగిలాయి. పడవ ఆగిన ప్రతి చోటునూ ఫోనులో గుర్తు పెట్టుకున్నాను. అతనికి చెప్పకుండా ఆ పని చేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మూడు నెలలు గడిచాక, చలికాలంలో, చిన్న పడవ అద్దెకు తీసుకుని అవే చోట్లకు, అదే ఎరతో, అదే తెల్లవారుజామున నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లకూ కలిపి నాకు దక్కినవి రెండు జెల్లలు. గైడు ఏదో కిటుకు దాచాడేమోనన్న అనుమానం మొదట వచ్చింది గాని, లోపం నా అవగాహనలోనే ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఏడాదికి నాలుగుసార్లు గైడుతో వెళ్లగలిగే వీలు నాకు ఉంది. ఆ నాలుగూ ఒకే గైడుతో, ఒకే నీటిలో, నాలుగు కాలాల్లో వెళ్లడం మంచిదా, లేక నలుగురు గైడులతో నాలుగు చోట్లకు వెళ్లడం మంచిదా? వెళ్లినప్పుడు ఏమి అడగాలి, ఏమి రాసుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: పాటునీరు

ముందుగా మీ ఆరు పండుగప్పల సంగతి చూద్దాం. వానలు తగ్గుముఖం పట్టాక, పల్లపు నేలల్లో నిలిచిన వరద నీరు చిన్న చిన్న కాలువల గుండా పాయలోకి దిగుతుంది. ఆ నీటితో పాటు చిన్న చేపలు, రొయ్యలు కొట్టుకువస్తాయి. మడుగు నీరూ పాయ నీరూ కలిసే చోట రంగులో స్పష్టమైన గీత కనిపిస్తుంది. పండుగప్ప ఆ గీత పక్కనే, ఏ మాను మాటునో కాచుకుని, నోటి దగ్గరికి వచ్చిన దానిని మింగుతుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో ఈ కాలాన్ని రన్ ఆఫ్ అని ప్రత్యేకంగా పిలుస్తారు, ఏడాది వేటంతా దాని చుట్టూనే అల్లుకుంటారు. మీ గైడు మిమ్మల్ని తీసుకువెళ్లినవి బహుశా అటువంటి కాలువ నోళ్లే అయి ఉంటాయి. మూడు నెలల తర్వాత ఆ కాలువలు ఎండిపోయి ఉంటాయి, అంటే మీరు గాలం వేసినది వడ్డన ముగిసిన పంక్తిలో.

దీనికి చలి తోడైంది. పండుగప్ప వెచ్చని నీటి చేప. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ కంటే దిగజారితే అది మేత బాగా తగ్గించి, కదలిక లేని లోతుల్లో మందంగా పడి ఉంటుంది. తీరప్రాంతపు వెచ్చని నీటి చేపలకు చలి ఎంత ప్రమాదమో తెలియాలంటే 2010 జనవరిలో ఫ్లోరిడాలో జరిగింది చూడాలి. అప్పటి చలిగాలులకు లోతులేని నీటిలోని స్నూక్ చేపలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి, గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరం వైపు వాటిని పట్టి ఉంచుకోవడంపై విధించిన నిషేధాన్ని 2013 సెప్టెంబరులో గాని ఎత్తివేయలేదు. మీ చేపలు చనిపోలేదు, మరో చోటికి వెళ్లాయి, అంతే.

కాలం మారితే చేప ఎందుకు కదులుతుందన్న ప్రశ్నకు ఉష్ణోగ్రత, ఉప్పదనం, మేత అనే మూడింటిని కలిపి చూస్తే చాలావరకు సమాధానం దొరుకుతుంది. వానాకాలంలో మంచినీరు పాయను నింపినప్పుడు బరువైన ఉప్పునీరు అడుగున ఉండిపోతుంది, తేలికైన మంచినీరు పైన పారుతుంది. పైన ఎర్రటి బురదనీరు చూసి ఇక్కడ ఏమీ ఉండదని వెనుదిరిగే వాళ్లను చాలామందిని చూశాను, కాని ఉప్పు కోరే చేప అడుగు పొరలోనే ఉండవచ్చు. ఎండాకాలంలో చిక్కు వేరు. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. పైగా నాచు, నీటిగడ్డి దట్టంగా పెరిగిన మడుగుల్లో మొక్కలు రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటాయే తప్ప ఇవ్వవు గనుక, సరిగ్గా తెల్లవారేముందే అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. వేట అంటే తెల్లవారుజామే అన్న నమ్మకం అటువంటి మడుగులో పనికిరాదు. అదే సమయంలో నీరు నిరంతరం కదిలే ప్రధాన కాలువలో ఆ నమ్మకం చక్కగా పనిచేస్తుంది.

శరత్కాలపు వేట వేరే లోకం. నీరు చల్లబడటం మొదలుకాగానే చిన్న చేపల గుంపులు పాయల నుంచి సముద్రం వైపు కదులుతాయి, వాటి వెనుకే పెద్ద చేపలు మొగల దగ్గరకు చేరతాయి. కొత్తవాళ్లకు దీనికి మించిన కాలం లేదని నా అభిప్రాయం. అయితే కొత్తవాడు చలికాలంలోనే ఎక్కువ నేర్చుకుంటాడని కూడా నమ్ముతాను, ఎందుకంటే అప్పుడు చేపలు కొద్ది చోట్లలోనే ఉంటాయి, ఆ కొద్ది చోట్లు ఎందుకు వాటికి నచ్చాయో గైడు చూపించగలడు.

కాబట్టి నా సలహా ఒకే గైడు, ఒకే నీరు, నాలుగు కాలాలు. నలుగురితో వెళితే మీకు నాలుగు మంచి రోజులు మిగులుతాయి, ఒకరితో వెళితే ఒక పాయ తన ఏడాదిని ఎలా గడుపుతుందో తెలుస్తుంది. పడవ ఆగిన ప్రతిసారీ ఒకే ప్రశ్న అడగండి: “ఈ రోజు ఇక్కడే ఎందుకు?” నీటి ఉష్ణోగ్రత, నీటి రంగు, గాలి దిక్కు, పోటా (నీరు ఎక్కుతోందా) పాటా (దిగుతోందా), అది మొదలై ఎంతసేపయింది, చేప ఎంత లోతులో ఎరను అందుకుంది అన్నవి రాసుకోండి. ఏమీ పడని చోట్ల గురించి కూడా ఇంత వివరంగానే రాయాలి. ఆ పని ఎవరూ చేయరు, నేనూ మొదటి రెండేళ్లు చేయలేదు.

జవాబు: తెడ్డు

నేను పదిహేనేళ్లుగా గైడుగా పడవ నడుపుతున్నాను. పాటునీరు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, పడవలో రెండో కొస నుంచి కనిపించే సంగతులు కొన్ని చెబుతాను.

గుర్తుల విషయం మొదట. మీరు నిజాయితీగా ఒప్పుకున్నారు గనుక కోపం లేదు గాని, ఆ పని ఇక చేయకండి. ఒక చోటును కనిపెట్టడానికి మాకు ఏళ్లు పడతాయి. అది పది ఫోన్లలోకి చేరితే ఒక్క కాలంలోనే పడవల రద్దీకి చేపలు అక్కడి నుంచి తప్పుకుంటాయి. ఎక్కే ముందే “గుర్తులు పెట్టుకోను, కారణాలు మాత్రం చెప్పండి” అని అంటే, నేనైతే మామూలుగా చెప్పే దానికి రెట్టింపు చెబుతాను. నా తోటివాళ్లలోనూ చాలామంది అంతే.

ఇక సమయం. ఫోను చేసేవారిలో నూటికి తొంభై మంది “ఉదయం ఆరింటికి బయలుదేరుదామా?” అని అడుగుతారు. బయలుదేరే వేళను నిర్ణయించే పని గైడుకు వదలండి. పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరు గంటలు ఉంటే, ఆ ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో కదలదు. మొత్తం నీటిని పన్నెండు వంతులు చేస్తే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి కదులుతుందన్నది పాత నావికుల లెక్క. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం నీరు కదులుతుంది. సగం రోజు వేటకు డబ్బు చెల్లించి ఆ రెండు గంటలను పోగొట్టుకున్నవారిని చూస్తే బాధ కలుగుతుంది. చంద్రుని వల్ల పోటు రోజుకు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది గనుక, నిన్న ఏడింటికి పనిచేసిన చోటు రేపు దాదాపు తొమ్మిదింటికి పనిచేస్తుంది. అమావాస్యకూ పున్నమికీ నీరు ఉరవడిగా కదులుతుంది, అష్టమి నాళ్లలో మందగిస్తుంది. పోటుపాటుల పట్టికలో చూపే వేళ మొగ దగ్గరిది, పాయలో లోపలికి వెళ్లిన కొద్దీ అది ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమన్నది ప్రతి పాయకూ వేరు, అది ఆ నీటి మీద తిరిగినవాడికే తెలుస్తుంది. రోజుకు ఒక్కసారే పోటు వచ్చే తీరాలూ ఉన్నాయి, గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఉత్తర తీరంలో చాలాచోట్ల అంతే. అక్కడ ఈ ఆరు గంటల లెక్క నడవదు, లోతులేని నీటిలో పట్టికలోని పోటు కంటే గాలే ఎక్కువ నీటిని నెట్టే రోజులుంటాయి.

మూడోది, మీకు వచ్చినదీ రానిదీ ముందే చెప్పండి. మడ వేళ్ల అంచుకు జానెడు దూరంలో ఎర పడాల్సిన రోజున, గాలం అంత సూటిగా విసరడం రాదని పడవ అక్కడికి చేరాక తెలిస్తే నేను చేయగలిగింది తక్కువ. ముందే తెలిస్తే బతికున్న రొయ్యను ఎరగా పెట్టి, పాటుతో పాటే అది కొట్టుకుపోయే చోటికి పడవను తిప్పుతాను. మొన లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ వాడినప్పుడు చేప లాగగానే కర్రను ఎగదన్నకండి. తాడు బిగిసే వరకు నిదానంగా చుట్టితే గాలం తనంతట తానే దవడ మూలకు జారి పట్టుకుంటుంది. చెరువులో నేర్చుకున్న చేతివాటం ఇక్కడ మొదటి పది చేపలను పోగొడుతుంది, అందరికీ అంతే.

గైడును ఎంచుకునేటప్పుడు అనుమతి పత్రం, ప్రతి ఒక్కరికీ సరిపడే లైఫ్ జాకెట్లు, వాతావరణం బాగాలేక రద్దయితే అడ్వాన్సు సంగతి, ఈ మూడూ ముందే మాట్లాడుకోండి. గాలి పెరిగిందని తానే ప్రయాణం రద్దు చేసే గైడు దొరికితే వదులుకోకండి.

జవాబు: సీసంగుండు

పై ఇద్దరి మాటనూ గౌరవిస్తూనే కొంచెం విభేదిస్తున్నాను. ఒక్కరితోనే వెళ్లినవాడికి ఆ ఒక్కరి అలవాట్లు అంటుకుంటాయి. నేను మూడేళ్లు ఒకే గైడుతో తిరిగాను, ఆయన ఎప్పుడూ పాటు మీదే వేటాడేవారు. నీరు దిగేటప్పుడే చేప మేస్తుందన్నది ప్రకృతి సూత్రమని నమ్మాను. ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి వేరొకరితో వెళితే, అదే పాయలో పోటు మీద, నీరు మడ వేళ్ల మీదికి ఎక్కే వేళ, పీతల వేటకు లోపలికి దూరే చేపలను ఆ కొత్త గైడు చూపించారు. నాలుగింట మూడు ఒకరితో, నాలుగోది మరొకరితో, అదీ అదే నీటిలో, అని నా సవరణ.

ఇంకో మాట. నిషేధ కాలాలూ కొలతలూ గైడు చూసుకుంటాడులే అనుకోకుండా మీరే తెలుసుకోండి. పండుగప్పలో దాదాపు ప్రతి చేపా మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ గుడ్లు పెట్టే ఆడవే. అందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల కన్నా చిన్నవాటినే కాక 120 సెంటీమీటర్లు దాటినవాటినీ వదిలేయాలి, తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు పట్టనే కూడదు. ఇటువంటి నియమాలు ఒక్కో తీరానికి ఒక్కో విధంగా ఉంటాయి. వదిలే చేపను తడి చేతులతో, అడ్డంగా, పొట్ట కింద ఆనించి పట్టుకోండి. దవడ పట్టి నిలువునా వేలాడదీసి ఫోటో తీసుకున్న పెద్ద చేప ఈదుకుంటూ వెళ్లినా బతుకుతుందన్న నమ్మకం లేదు. ఎండాకాలంలో దానితో ఎక్కువసేపు పోరాడటం కూడా అంతే ప్రమాదం.

నీటిలో దిగి నడిచే చోట అడుగులు ఎత్తి వేయకుండా పాదాలను ఇసుకలో ఈడ్చండి. అడుగున పడుకున్న, తోకకు విషపు ముల్లుండే టేకు చేప ఆ కదలికకు తప్పుకుంటుంది. ముల్లు దిగితే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో కాలు ఉంచి, వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లండి. ఈ పాఠం నేను గైడు లేని రోజున నేర్చుకున్నాను.

ఒంటరిగాలం:

అందరికీ కృతజ్ఞతలు. గుర్తులన్నీ చెరిపేశాను, ఆ గైడుకు ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. చలికాలం ఇంకా మిగిలి ఉండగానే సగం రోజుకు ఆయనతోనే మాట్లాడుకున్నాను. బయలుదేరే వేళ ఆయననే నిర్ణయించమంటే మధ్యాహ్నం ఒంటిగంట అన్నారు. చలికాలంలో మధ్యాహ్నం ఎందుకో అడిగేలోపే ఫోను కట్టయింది.

తెడ్డు:

సరైన మనిషినే పట్టుకున్నారు. ఇసుక నేల కన్నా నల్లటి బురద నేల ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది. లోతైన కాలువను ఆనుకుని మోకాలి లోతు బురద మేట ఉంటే, పగలంతా ఎండ కాశాక అక్కడి నీరు పక్కనున్న కాలువ కన్నా ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడుతుంది. రాత్రంతా లోతులో ముడుచుకున్న చేప ఆ వెచ్చదనం కోసం మధ్యాహ్నానికి మెల్లగా పైకి వస్తుంది. తెల్లవారుజామున మీరు వేసిన గాలం దాని తల మీదుగా పోయి ఉంటుంది. ఈసారి ఎర చిన్నదిగా ఉండనివ్వండి, మీకు విసుగు పుట్టేంత నెమ్మదిగా చుట్టండి. చలికాలపు నీరు తేటగా ఉంటుంది గనుక నీటి మీది తళుకును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పక తీసుకువెళ్లండి, చేప కన్నా ముందు దాని నీడ బురద మీద కనిపిస్తుంది. మీ నీడ దాని మీద పడకుండా సూర్యుడికి ఎటువైపు నిలబడాలో ఆయనను అడగండి. తిరుగు ప్రయాణం ఏ వేళకో కూడా అడగండి, ఎందుకంటే పాటు బాగా దిగిందంటే ఆ మేట మీద పడవ ఆనుకుని, మళ్లీ పోటు వచ్చేదాకా చలిలో అక్కడే కూర్చోవలసి వస్తుంది.