పాత రాజకీయ కరపత్రాలను ఆన్‌లైన్‌లో భద్రపరచడం ఎలా?

ప్రశ్న (పాలకొండ): మా పెదనాన్నగారి ట్రంకుపెట్టెలో 1960ల నాటి రైతు కరపత్రాలు, అంచులు చెదలు తినేసినవి, దొరికాయి. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఆన్‌లైన్ భాండాగారానికి వీటిని ఇవ్వవచ్చునా?

జవాబు (విజయనగరం): రచయిత పేరుంటే ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుంచి, పేరు లేకపోతే అచ్చయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైట్ హక్కులుంటాయి కనుక, 1964లో వెలువడిన అనామక కరపత్రం మన దేశంలో 2025 జనవరి 1 నుంచి అందరిదీ అవుతుంది. దీన్ని తేలికగా తీసుకోకండి. మార్క్సిస్టు రచనల ఆన్‌లైన్ భాండాగారమైన మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అంతటిది కూడా 2014లో ప్రచురణకర్తలు అడిగినందున మార్క్స్, ఏంగెల్స్ సంకలిత రచనల ఆంగ్లపాఠాన్ని తొలగించవలసి వచ్చింది.

జవాబు (శ్రీకాకుళం): స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఆన్‌లైన్ గ్రంథాలయమైన వికీసోర్స్‌లో ఒకరు దిద్దిన పుటను మరొకరు సరిచూస్తారు, అయితే అక్కడ అమెరికా కాపీరైట్ చట్టాన్నీ చూస్తారు. ముందు చెదలు దులిపి, మడతలు చదును చేసి, రెండువైపులా స్కాన్ చేయండి. వెనుకవైపు ముద్రణాలయం పేరును, అన్నట్టు, చాలామంది వదిలేస్తారు.